మనుషుల లెక్క : తెలుగు, జపాను భాషలు

పాఠ్యాంశ పరిచయం

ఏ భాషలోనైనా మొదట నేర్చుకొనే మాటలలో అంకెలు ముఖ్యమైనవి. వస్తువులను లెక్కించే మాటలతోనే మనుషులను కూడా లెక్కించే భాషలు కొన్ని. మనుషులకు ప్రత్యేకమైన లెక్కను ఏర్పరచుకొన్న భాషలు మరికొన్ని. తెలుగు రెండవ తరగతికి చెందినది. జపాను భాష కూడా అటువంటిదే. పరస్పరం సంబంధం నిరూపితం కాని ఈ రెండు భాషలు మనుషులను లెక్కించే పద్ధతిలో ఎక్కడ కలుస్తాయో, ఎక్కడ విడిపోతాయో వివరించడం ఈ పాఠం ఉద్దేశం. ప్రక్రియ : వ్యాసం.

పాఠ్యభాగం

"మీ ఇంట్లో ఎందరున్నారు?", "మీ ఇంట్లో ఎన్ని గదులున్నాయి?" అనే రెండు ప్రశ్నలకు తెలుగు బాలుడు తడుముకోకుండా 'నలుగురు' అనీ, 'నాలుగు' అనీ సమాధానాలు చెబుతాడు. ఆ సమాధానాలలో తాను ఒక వ్యాకరణ సూత్రాన్ని పాటిస్తున్నానని అతనికి తెలియదు. ఇంగ్లీషులో ఈ రెంటికీ 'ఫోర్' అనే ఒకే మాట ఉంది. హిందీలోనూ 'చార్' అనే ఒకే మాట ఉంది. అందుచేత ఆ భాషలవారు తెలుగు నేర్చుకొనేటప్పుడు 'నాలుగు మనుషులు', 'మూడు స్నేహితులు' అని తరచుగా పొరపడుతుంటారు. తెలుగువారికి పుట్టుకతో అబ్బిన ఈ భేదం ఎంత విలువైనదో మరొక భాషతో పోల్చి చూసినప్పుడే తెలుస్తుంది. అందుకు తగిన భాష జపాను భాష.

జపాను భాషలో సంఖ్యావాచకాలు రెండు వరుసలుగా ఉన్నాయి. మొదటిది ఆ దేశపు సొంత వరుస. హితొత్సు, ఫుతత్సు, మిత్త్సు, యొత్త్సు అంటూ అది పది వరకు సాగుతుంది. రెండవది చైనా నుండి లిపితోపాటు వచ్చిన వరుస. ఇచి, ని, సన్, షి, గొ, రొకు, షిచి, హచి, కు, జూ అనేవి ఆ అంకెలు. బౌద్ధధర్మం, చైనా లిపి, చైనా గ్రంథాలు జపానులో వ్యాపించిన శతాబ్దాలలో ఈ అంకెలు కూడా ఆ భాషలో స్థిరపడ్డాయి. తెలుగులో ఒకటి, రెండు, మూడు అనే దేశ్యపదాల పక్కన ఏక, ద్వి, త్రి అనే సంస్కృత పదాలు చేరినట్లే జపానులోనూ రెండు ధారలు కలిశాయి. అయితే తెలుగులో సంస్కృత సంఖ్యలు సమాసాలకే పరిమితం కాగా, జపానులో చైనా అంకెలు నిత్యవ్యవహారంలో ప్రధానస్థానాన్ని ఆక్రమించాయి.

ఆ భాషలో అంకె ఒంటరిగా వస్తువు ముందు నిలవడం అరుదు. లెక్కించే వస్తువు స్వభావాన్ని తెలిపే ఒక చిన్న పదం దానికి తోడుగా రావాలి. కాగితం, పళ్లెం వంటి పలుచని వాటికి 'మయ్', కలము, గొడుగు వంటి పొడవైన వాటికి 'హొన్', పుస్తకాలకు 'సత్సు', యంత్రాలకు, వాహనాలకు 'దయ్' అనేవి అటువంటి పదాలు. కుక్క, పిల్లి వంటి చిన్న జంతువులకు 'హికి', ఏనుగు, గుర్రం వంటి పెద్ద జంతువులకు 'తో', పక్షులకు 'వ' వాడతారు. కుందేలును కూడా పక్షులతో చేర్చి 'వ' తో లెక్కించడం ఆ భాషలోని ఒక వింత. ఈ పదాల మధ్య మనుషులకు మాత్రమే చెందినది 'నిన్'. దీనికి 'మనిషి' అని అర్థం. మనుషుల లెక్క పది వరకు ఈ విధంగా ఉంటుంది.

హితొరి – ఒకరు
ఫుతరి – ఇద్దరు
సన్నిన్ – ముగ్గురు
యొనిన్ – నలుగురు
గొనిన్ – ఐదుగురు
రొకునిన్ – ఆరుగురు
షిచినిన్ లేదా నననిన్ – ఏడుగురు
హచినిన్ – ఎనమండుగురు
క్యూనిన్ లేదా కునిన్ – తొమ్మండుగురు
జూనిన్ – పదుగురు

ఈ పట్టికను పరిశీలించినప్పుడు మొదటి రెండు పదాలు తక్కిన వాటికి భిన్నంగా కనిపిస్తాయి. చైనా అంకెల ప్రకారం ఒకరిని 'ఇచినిన్' అనీ, ఇద్దరిని 'నినిన్' అనీ అనవలసి ఉన్నది. కాని ఆ స్థానాలలో హితొరి, ఫుతరి అనే సొంత పదాలు నిలిచి ఉన్నాయి. పూర్వకాలపు జపాను భాషలో ముగ్గురిని 'మితరి' అనీ, నలుగురిని 'యొతరి' అనీ వ్యవహరించేవారు. కాలక్రమంలో చైనా అంకెల ప్రవాహంలో ఆ మాటలు కొట్టుకొనిపోయాయి. ఒకరు, ఇద్దరు అనే మాటలు అనుక్షణం నోట నలిగేవి కావడంవల్ల చెక్కుచెదరక మిగిలాయి. ఎక్కువగా వాడే పదమే పాత రూపాన్ని ఎక్కువ కాలం నిలుపుకొంటుందనే భాషాశాస్త్ర సత్యానికి ఇది మంచి ఉదాహరణ.

ఈ సత్యం తెలుగుకు కూడా వర్తిస్తుంది. ఇద్దరు, ముగ్గురు, నలుగురు అనే మాటలు నేటికీ అందరి నోటా వినిపిస్తున్నాయి. ఐదుగురు, ఆరుగురు, ఏడుగురు అనే మాటల పక్కన ఐదుమంది, ఆరుమంది, ఏడుమంది అనేవి కూడా చాలా ప్రాంతాలలో ఉన్నాయి. ఎనిమిదికి వచ్చేసరికి 'ఎనమండుగురు' గ్రంథాలకు పరిమితమై 'ఎనిమిదిమంది' వ్యవహారంలోకి వచ్చింది. ఆ పైన అంతా 'మంది' రాజ్యమే. 'మంది' అనగా జనం. జపానులో అంకెకు 'మనిషి' అనే మాట చేరినట్లే, తెలుగులో అంకెకు 'జనం' అనే మాట చేరింది. చిన్న సంఖ్యలకు పాత అతుకుడు రూపం, పెద్ద సంఖ్యలకు మనిషిని తెలిపే మాటను చేర్చిన కొత్త రూపం అనే ఏర్పాటు రెండు భాషలలోనూ సమానం. జపానులో ఆ సరిహద్దు రెండు దగ్గర ఉండగా, తెలుగులో అది ఏడు దగ్గర ఉంది.

నాలుగు అనే అంకెకు జపానులో ఒక కథ ఉంది. చైనా వరుసలో నాలుగును 'షి' అంటారు. మరణానికి కూడా అదే ధ్వని. నలుగురిని 'షినిన్' అంటే 'చనిపోయిన మనిషి' అనే అర్థం వినిపిస్తుంది. నలుగురికి సొంత వరుసలోని 'యొ' తో ఏర్పడిన 'యొనిన్' స్థిరపడటానికి ఈ ధ్వనిసామ్యమే కారణమని సాధారణంగా వివరిస్తారు. ఇక్కడ విద్యార్థి మరొక మెలకువ పాటించాలి. విడిగా నాలుగును 'యొన్' అనవచ్చును గాని, నలుగురిని 'యొన్నిన్' అనరాదు. 'యొనిన్' అని మాత్రమే అనాలి. తొమ్మిదికి చైనా వరుసలోని 'కు' అనే ధ్వని బాధ, వేదన అనే అర్థాలనిచ్చే మాటతో సమానం. అందువల్ల తొమ్మండుగురికి 'క్యూనిన్' అనే రూపమే ఎక్కువగా వినిపిస్తుంది. కొన్ని ఆసుపత్రులలో 4, 9 సంఖ్యలు గల గదులు ఉండకపోవడం కూడా ఈ నమ్మకం ఫలితమే.

ఏడుకు రెండు రూపాలు ఉండటం వెనుక నమ్మకంతోపాటు అవసరం కూడా ఉంది. 'షిచి' అన్న మాట 'ఇచి' లాగా వినిపిస్తుంది. రద్దీ స్థలంలోనో, టెలిఫోనులోనో ఏడుకు, ఒకటికి భేదం తెలియకపోవచ్చు. అందుచేత స్పష్టత కావలసినచోట 'నన' అనే సొంత పదాన్ని వాడతారు. జపానులో అగ్నిమాపక దళానికీ, అంబులెన్సుకూ కలిపి 119 అనే సంఖ్యకు ఫోన్ చేయాలి. గాయపడినవారు ఎందరని అవతలివారు అడిగినప్పుడు ఒక్క అక్షరం తడబడితే రావలసిన వాహనాల సంఖ్యే మారిపోవచ్చు. నలుగురు గాయపడ్డారని చెప్పబోయి 'షినిన్' అంటే వినేవారికి మృతి చెందినవారి ప్రస్తావనగా తోచవచ్చు. తరగతి గదిలో ఒక మార్కు పోగొట్టే తప్పు బయటి ప్రపంచంలో ప్రాణాలతో ముడిపడుతుంది. 2021 జనవరిలో నైపుణ్యంగల కార్మికుల విషయమై భారత, జపాను ప్రభుత్వాల మధ్య ఒప్పందం కుదిరింది. అందులో వృద్ధుల సంరక్షణ కూడా ఒక రంగం. అటువంటి పనికి వెళ్లే యువతీయువకులకు మనుషుల లెక్క కేవలం వ్యాకరణ పాఠం కాదు. భోజనం చేసినవారు ఎందరు, మందు తీసుకొన్నవారు ఎందరు అని చెప్పడం వారి ప్రతిదిన బాధ్యత.

పది దాటిన తరువాత రెండు భాషల దారులు వేరవుతాయి. జపానులో పదకొండుగురిని 'జూఇచినిన్' అనీ, పన్నెండుగురిని 'జూనినిన్' అనీ అంటారు. ఒంటరిగా ఉన్నప్పుడు వచ్చిన హితొరి, ఫుతరి అనే మాటలు పెద్ద సంఖ్యల చివర రావు. తెలుగు ఇందుకు విరుద్ధంగా నడిచింది. పన్నెండుగురు ఆళ్వారులను 'పన్నిద్దరు ఆళ్వారులు' అనడం సంప్రదాయం. పదికి పైనున్న సంఖ్యలో కూడా 'ఇద్దరు' అనే మాట అలాగే నిలిచింది. ఇరువురు, మువ్వురు, నల్వురు, ఏవురు, నూర్వురు, వేవురు అనే రూపాలు ప్రాచీన కావ్యభాషలో ఉన్నాయి. వేయిమందికి కూడా మనుషుల లెక్క విడిగా ఉండటం గమనార్హం.

ప్రశ్నించడంలో కూడా ఈ భాషల పోలిక స్పష్టమే. వస్తువుల విషయంలో 'ఎన్ని' అనీ, మనుషుల విషయంలో 'ఎందరు' అనీ తెలుగువారు అడుగుతారు. జపనీయులు వస్తువులకు 'ఇకుత్సు' అనీ, మనుషులకు 'నన్నిన్' అనీ అడుగుతారు. లిపిలో ఈ 'నన్నిన్' రాసే అక్షరాలనే 'నానిజిన్' అని చదివితే 'ఏ దేశస్థుడు' అనే అర్థం వస్తుంది. మనిషిని సూచించే ఒకే అక్షరానికి హితొ, నిన్, జిన్ అనే ఉచ్చారణలు ఉండటమే ఇందుకు కారణం. భారతీయుణ్ణి 'ఇందొజిన్' అంటారు. ముగ్గురు భారతీయులున్నారని చెప్పడానికి 'ఇందొజిన్ గ సన్నిన్ ఇమసు' అంటారు. 'భారతీయులు ముగ్గురున్నారు' అనే తెలుగు వాక్యంలోని పదక్రమమే ఇందులోనూ ఉంది. నామవాచకం మొదట, సంఖ్య తరువాత, క్రియ చివర వచ్చాయి. అయితే జపాను నామవాచకానికి బహువచన ప్రత్యయం అవసరం లేదు. ఆ బాధ్యతను సంఖ్యే వహిస్తుంది. తెలుగులో సంఖ్యకు పురుషభేదం కూడా ఉంది. 'వారు నలుగురు' అన్నది 'మేము' చేరగానే 'నలుగురం' అవుతుంది. ఈ సౌలభ్యం జపానుకు లేదు. అక్కడ 'సన్నిన్ క్యోదయ్' అని ఎవరైనా తమ తోబుట్టువుల గురించి చెబితే, చెప్పేవారితో కలిపి ముగ్గురని గ్రహించాలి. వారికి మరో ముగ్గురు తోబుట్టువులున్నారని అర్థం చేసుకోకూడదు.

లెక్కలో మర్యాదను చేర్చడం జపాను భాషకు ప్రత్యేకమైన గుణం. ఆ దేశంలో భోజనశాలకు వెళ్లినవారిని "నన్మేయ్ సమ దెసు క?" అని ఆహ్వానిస్తారు. "తమరు ఎందరు?" అని దాని భావం. 'మేయ్' అనగా పేరు. మనిషిని పేరుగల వ్యక్తిగా గుర్తించి లెక్కించడం ఆ మాటలోని గౌరవం. 'సమ' అనేది 'గారు' వంటి గౌరవ పదం. సమాధానం చెప్పేవారు మాత్రం తమను గూర్చి 'ఫుతరి' అనో, 'సన్నిన్' అనో సాధారణ రూపంలోనే చెప్పాలి. తమకు తాము 'సమ' చేర్చుకొంటే అది అహంకారంగా వినిపిస్తుంది. తమ పేరుకు తామే 'గారు' చేర్చుకోని తెలుగువారికి ఈ మర్యాద సులభంగా అర్థమవుతుంది. దేవతలను లెక్కించడానికి జపానులో 'హషిర' అనే వేరొక మాట ఉంది. దానికి స్తంభమని అర్థం. తెలుగులో దేవతలు మనుషుల లెక్కలోనే చేరుతారు. త్రిమూర్తులు ముగ్గురే గాని మూడు కారు.

ఈ సందర్భంలో తెలుగు వ్యాకరణంలోని ఒక విశేషాన్ని పరిశీలించాలి. చిన్నయసూరి 1858లో ప్రకటించిన బాలవ్యాకరణం పురుషులను తెలిపే పదాలను మహత్తులుగా పేర్కొన్నది. స్త్రీలను, జంతువులను, జడపదార్థాలను తెలిపే పదాలు ఆ వర్గంలోకి రావు. ఏకవచనంలో 'అతడు వచ్చాడు' అనే వాక్యానికి భిన్నంగా 'ఆమె వచ్చింది', 'ఆవు వచ్చింది' అనే వాక్యాలు ఒకే క్రియారూపాన్ని పొందడం ఈ విభజన ఫలితం. కాని లెక్క మొదలుకాగానే స్థితి మారుతుంది. 'ఇద్దరు స్త్రీలు వచ్చారు', 'ఇద్దరు పురుషులు వచ్చారు', 'రెండు ఆవులు వచ్చాయి' అంటారు. ఏకవచనంలో వేరుచేసిన స్త్రీని బహువచనం, సంఖ్య మనిషిగా గుర్తించి పురుషునితో సమానంగా నిలబెట్టాయి. జపానులో ఒకరి విషయంలో కూడా ఈ భేదం లేదు. స్త్రీయైనా పురుషుడైనా 'హితొరి'యే. తెలుగులో ఒకడు, ఒకతె, ఒకరు అనే మూడు రూపాలకు అక్కడ ఒక్కటే రూపం. పదమూడవ శతాబ్దంలో ఫుజివర నొ తెయ్క నూరుగురు కవుల నుండి ఒక్కొక్క పద్యాన్ని ఎంచి కూర్చిన సంకలనానికి 'హ్యకునిన్ ఇష్షు' అని పేరు. 'నూర్వురు, ఒక్కొక్క పద్యం' అని దాని అర్థం. ఆ నూర్వురిలో 21 మంది స్త్రీలు. ఆ పద్యాలు రాసిన చీట్లతో జపనీయులు కొత్త సంవత్సరపు రోజులలో నేటికీ ఆటలాడుతారు.

అకిర కురొసావ 1954లో తీసిన ప్రసిద్ధ చిత్రం పేరు జపాను భాషలో 'షిచినిన్ నొ సమురాయ్'. బందిపోట్ల బారినుండి ఒక పల్లెను కాపాడటానికి పూనుకొన్న ఏడుగురు యోధుల కథ అది. ఇంగ్లీషులో 'సెవెన్' అన్నప్పుడు ఆ అంకె మనుషులదో, వస్తువులదో తెలియదు. తెలుగులో 'ఏడుగురు' అనగానే జపాను పేరులోని మనిషి ఉనికి అలాగే నిలుస్తుంది. అనువాదకునికి భాష అందించే సహాయం ఎటువంటిదో దీనివల్ల తెలుస్తుంది.

ఇన్ని పోలికలు చూసినవారికి ఈ రెండు భాషలు చుట్టాలేమోనన్న సందేహం కలగడం సహజం. హితొరి, ఫుతరి అనే మాటల చివరి 'రి' కి, ఒకరు, ఇద్దరు అనే మాటల చివరి 'రు' కి సంబంధం ఉందని కూడా తోచవచ్చు. జపాను భాషాపండితుడు సుసుము ఒనొ (1919–2008) జపాను భాషకు తమిళంతో సంబంధం ఉందని చాలాకాలం వాదించాడు. అధిక సంఖ్యాకులైన భాషావేత్తలు ఆ వాదాన్ని అంగీకరించలేదు. రెండు భాషలలో ఒక మాట ఒకే విధంగా వినిపించినంత మాత్రాన అవి ఒక కుటుంబానివి కావు. అనేక పదాలలో క్రమబద్ధమైన ధ్వని సంవాదం కనిపించాలి. తెలుగు 'ఇద్దరు', కన్నడ 'ఇబ్బరు', తమిళ 'ఇరువర్' అనే పదాల మధ్య ఉన్నది అటువంటి నిజమైన బంధుత్వం. జపానుతో ఉన్నది పోలిక మాత్రమే. బంధుత్వం లేకున్నా ఇద్దరు మనుషులు ఒకే విధంగా ఆలోచించినట్లే రెండు భాషలు కూడా ఒకే ఏర్పాటును స్వతంత్రంగా చేసుకోగలవు.

నేడు ఎందరో తెలుగు విద్యార్థులు జపాను భాష నేర్చుకొంటున్నారు. 2008లో ఏర్పడిన హైదరాబాదు ఐ.ఐ.టి. ప్రాంగణ నిర్మాణానికి జపాను సహాయం లభించింది. 1984లో ప్రారంభమైన జపాను భాషా ప్రావీణ్య పరీక్షలో 2010 నుండి ఐదు స్థాయులు ఉన్నాయి. వాటిలో అన్నిటికంటె కింది స్థాయికి చదివేవారికే మనుషుల లెక్క తప్పనిసరి. ఆ పాఠం దగ్గర తెలుగు విద్యార్థికి సొంత భాషే మొదటి గురువు. 'నాలుగు' వేరు, 'నలుగురు' వేరు అని తెలిసినవాడికి 'యొత్త్సు' వేరు, 'యొనిన్' వేరు అని చెప్పనక్కరలేదు.

అయితే ఆ గురువును నిలుపుకోవడం అవసరం. ఇంగ్లీషు వాతావరణంలో పెరిగే పిల్లల నోట 'మూడు మంది', 'నాలుగు మంది' అనే మాటలు వినిపిస్తున్నాయి. 'రెండు పిల్లలు' అంటే తెలుగులో జంతువుల పిల్లలని అర్థం వచ్చే ప్రమాదం ఉంది. 'ఇద్దరు పిల్లలు' అన్నప్పుడే వారు మనుషులవుతారు. మితరి, యొతరి అనే మాటలను జపాను భాష ఏనాడో పోగొట్టుకొన్నది. హితొరి, ఫుతరి మాత్రమే దానికి మిగిలాయి. తెలుగుకు ఇంకా ఏడుగురి వరకు మిగిలి ఉన్నారు. ముగ్గురిని ముగ్గురనీ, నలుగురిని నలుగురనీ పిలిచేవారున్నంత కాలం ఆ లెక్క తగ్గదు.

కఠిన పదాలకు అర్థాలు

వ్యవహారం – వాడుక
ధ్వనిసామ్యం – ఉచ్చారణలో పోలిక
దేశ్యపదం – భాషకు సొంతమైన పదం
మహత్తులు – పురుషులను తెలిపే పదాలు
సంవాదం – పొందిక
గమనార్హం – గమనించదగినది
ఉనికి – ఉండటం

ప్రశ్నలు

అ) ఈ క్రింది ప్రశ్నలకు వ్యాసరూప సమాధానాలు రాయండి.
1. మనుషులను లెక్కించే పద్ధతిలో తెలుగు, జపాను భాషల మధ్యగల పోలికలను, భేదాలను వివరించండి.
2. సంఖ్యావాచకాలను తప్పుగా వాడటంవల్ల కలిగే ఇబ్బందులను పాఠం ఆధారంగా చర్చించండి.

ఆ) ఈ క్రింది ప్రశ్నలకు సంగ్రహంగా సమాధానాలు రాయండి.
1. హితొరి, ఫుతరి అనే పదాలు నేటికీ నిలిచి ఉండటానికి కారణమేమిటి?
2. నలుగురిని 'షినిన్' అని ఎందుకు అనరు?
3. తెలుగు సంఖ్యావాచకాలు స్త్రీపురుషులను సమానంగా చూస్తాయని ఎలా చెప్పవచ్చు?
4. రెండు భాషలు ఒక కుటుంబానివని చెప్పడానికి ఏమి కావాలి?

ఇ) ఏకవాక్య సమాధానాలు రాయండి.
1. 'మంది' అనగా ఏమి?
2. 'హ్యకునిన్ ఇష్షు' సంకలనకర్త ఎవరు?
3. జపానులో దేవతలను లెక్కించడానికి వాడే పదమేది?

ఈ) భాషాంశాలు
1. గమనార్హం = గమన + అర్హం – సవర్ణదీర్ఘ సంధి
2. ప్రత్యేకం = ప్రతి + ఏకం – యణాదేశ సంధి
3. ఎందరున్నారు = ఎందరు + ఉన్నారు – ఉత్వ సంధి
4. స్త్రీపురుషులు = స్త్రీలును, పురుషులును – ద్వంద్వ సమాసం
5. రెండు భాషలు = రెండు సంఖ్యగల భాషలు – ద్విగు సమాసం

ఉ) 'ఒకరు' మొదలు 'పదుగురు' వరకుగల మాటలను మీ ప్రాంతంలోని పెద్దలు ఏ రూపాలలో పలుకుతారో విని, పట్టిక తయారుచేయండి.